ఇంట్లో అందరం కలిసి సినిమా చూడాలి, ఖర్చు మాత్రం చేతిలో ఉండాలి. మీరెలా చేస్తున్నారు?

నెలాఖరు:

అందరికీ నమస్కారం. మొన్న బ్యాంకు మెసేజిలు తీరిగ్గా చూసుకుంటుంటే గుండె గుభేలుమంది. సినిమాల యాప్‌లకని నెలనెలా మూడు చోట్ల డబ్బు కట్ అవుతోంది, అందులో ఒకదాన్ని మా ఇంట్లో ఎవరూ తెరిచి నాలుగు నెలలు దాటింది. ఎప్పుడో ఒక్క సిరీస్ కోసం తీసుకున్నాం, అది చూసేశాం, ఆ తర్వాత దాని ఊసే ఎత్తలేదు. డబ్బు మాత్రం టంచనుగా పోతోంది.

పోనీ ఇంత కడుతున్నాం కదా, అందరం కూర్చుని చూస్తున్నామా అంటే అదీ లేదు. మేం ఐదుగురం: నేను, మా వారు, పన్నెండేళ్ల బాబు, ఏడేళ్ల పాప, మా అత్తయ్యగారు. టీవీ పాతది, 32 అంగుళాలు, స్మార్ట్ టీవీ కాదు. వెనకాల రెండు హెచ్‌డీఎంఐ పోర్టులున్నాయి, ఒకటి వదులైపోయింది, కేబుల్ కింద అట్టముక్క దూర్చి నొక్కి పెడితేనే బొమ్మ వస్తుంది. రెండోదానికి సెట్‌టాప్ బాక్స్ ఉంది. అందుకని శనివారం రాత్రి లాప్‌టాప్‌ని స్టూలు మీద పెట్టుకుని చూస్తున్నాం. అరగంట అయ్యేసరికి బాబు ఫోను పట్టుకుని గదిలోకి వెళ్లిపోతాడు, పాప ముందుకు జరిగి జరిగి తెరకి తల అడ్డం పెడుతుంది, మా అత్తయ్యగారేమో "ఏమన్నాడూ?" అని అడుగుతూనే ఉంటారు, నేను చెప్పేలోగా తర్వాతి డైలాగ్ అయిపోతుంది.

మా వారి ఆలోచన ప్రొజెక్టర్ కొనేయడం. ఆన్‌లైన్‌లో చాలా చవగ్గా ఉన్నాయి, గోడంత బొమ్మ వస్తుందంటున్నారు. నాకు నమ్మకం కుదరడం లేదు. కొత్త టీవీ ఇప్పట్లో కొనలేం. ఇంత తక్కువలో ఏం చేయొచ్చో, మీ ఇళ్లలో ఏం పనిచేసిందో చెప్పండి. మీరు ఏదైనా కొని దెబ్బతిని ఉంటే అది ఇంకా బాగా చెప్పండి.

మూడోవరుస:

ముందు ఆ మూడింట్లో రెండు ఈ రోజే ఆపేయండి, మిగతా చర్చ తర్వాత. ఆపడం అంటే ఫోన్లోంచి యాప్ తీసేయడం కాదు, ఖాతాలోకి వెళ్లి క్యాన్సిల్ కొట్టాలి. నవ్వకండి, నేను చేసిన పనే చెబుతున్నా. యాప్ తీసేసి "పీడా పోయింది" అనుకున్నా, ఏడు నెలలు కట్ అయింది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "మీరు వాడకపోవడం మా తప్పు కాదు కదా సార్" అన్నారు, మర్యాదగానే. ఇంకో తిరకాసు, కొన్ని సబ్‌స్క్రిప్షన్లు ఆ యాప్ వాళ్ల దగ్గర కాదు, ఫోన్ యాప్ స్టోర్ ద్వారానో నెట్ కనెక్షన్ ప్యాకేజీలోనో తీసుకుని ఉంటాం, అలాంటివి ఎక్కడ తీసుకున్నామో అక్కడే ఆపాలి. నెట్ ప్యాకేజీలో ఇప్పటికే ఉన్న యాప్‌కి విడిగా డబ్బు కట్టేవాళ్లని కూడా చూశాను.

మా ఇంట్లో ఇప్పుడు నెలకి ఒక్క యాప్. ఫ్రిజ్ మీద కాగితం ఉంటుంది, ఎవరికి ఏ సినిమా చూడాలని ఉందో పేరు, అది ఏ యాప్‌లో ఉందో పక్కన రాస్తారు. ఒక యాప్ పేరు ఐదారు సార్లు కనబడ్డాక ఆ నెల దాన్ని తీసుకుంటాం, తీసుకున్న రోజే క్యాన్సిల్ కూడా కొట్టేస్తాం. చాలావాటిలో డబ్బు కట్టిన గడువు అయ్యేదాకా నడుస్తుంది, ఉచిత ట్రయల్స్‌లో మాత్రం వెంటనే ఆగిపోయేవి ఉంటాయి, ఆ పేజీలో ఏం రాశారో చదివి నొక్కండి. కొత్త సినిమా వచ్చిన వారమే చూడాలనే పట్టుదల ఉంటే ఈ పద్ధతి కుదరదు. మాకు ఆ పట్టుదల పోయి చాలా రోజులైంది.

నెలకి మీరంతా కలిసి చూసేది రెండు సినిమాలే అయితే సబ్‌స్క్రిప్షన్ కన్నా అద్దె చవకేమో లెక్క వేసుకోండి. గూగుల్ లోనూ యాపిల్ లోనూ విడిగా అద్దెకు దొరుకుతాయి, మామూలుగా 30 రోజుల్లోగా మొదలుపెట్టాలి, ఒకసారి మొదలుపెడితే 48 గంటల్లో పూర్తిచేయాలి. పిల్లలు మధ్యలో నిద్రపోయినా మర్నాడు చూసుకోవచ్చన్నమాట. పైగా డబ్బు పెట్టి తీసుకున్న సినిమా కాబట్టి ఎవరూ మధ్యలో లేచి వెళ్లరు, ఇది మా ఇంట్లో నిజంగా జరిగింది.

ప్లాన్ ఏది తీసుకున్నా 4కే వద్దు. 4కే అంటే 3840×2160, మామూలు ఫుల్ హెచ్‌డీ 1920×1080, అంటే చుక్కలు నాలుగు రెట్లు. మీ 32 అంగుళాల పాత టీవీ ఆ చుక్కల్ని చూపించనే లేదు. చూపించలేనిదానికి డబ్బెందుకు? ప్రకటనలు వచ్చే ప్లాన్ గురించి అడిగితే నా మాట: పెద్దవాళ్లకి పర్లేదు, చిన్నపిల్లలుంటే చిరాకు. కథలో ఏడుపు సీను మధ్యలో సబ్బు ప్రకటన వస్తే మళ్లీ ఆ మూడ్ రాదు.

తెల్లగోడ:

ప్రొజెక్టర్ అన్నారు కాబట్టి వచ్చాను. మీ వారికి చూపించండి ఇది.

మేం కూడా ఆ "చాలా చవక" రకమే కొన్నాం. డబ్బా మీద 9000 ల్యూమెన్లు (వెలుతురు కొలత అది), 4కే అని పెద్దపెద్ద అక్షరాలు. పగలు కర్టెన్లు వేసి పెడితే మనుషులు దయ్యాల్లా పాలిపోయి కనిపించారు. రాత్రి లైట్లన్నీ ఆర్పాక కాస్త నయం, కానీ సినిమాలో రాత్రి సీను వచ్చిందంటే తెరంతా బూడిద రంగు, ఎవరు ఎవర్ని పొడిచారో మాకెవరికీ తెలియలేదు. తర్వాత చదివి తెలుసుకున్నది ఏంటంటే, ప్రొజెక్టర్ నలుపుని వెయ్యలేదు, వెలుతురు వెయ్యకుండా వదిలేయడమే దాని నలుపు. అంటే గదిలో ఎంత వెలుతురుంటే మీ నలుపు అంత తెలుపు.

ఆ ల్యూమెన్ల అంకె పక్కన యాన్సీ అనో ఐఎస్ఓ అనో, అంటే ఒక ప్రమాణం ప్రకారం కొలిచారన్న గుర్తు, లేకపోతే దాన్ని పట్టించుకోవద్దు, ఎవరిష్టమొచ్చినట్టు వాళ్లు రాసుకునేదే. అలాగే "4కే సపోర్ట్" అంటే 4కే ఫైల్‌ని తీసుకుంటుందని మాత్రమే, చూపించేది ఎంతో తెలియాలంటే నేటివ్ రిజల్యూషన్ అన్న చోట చూడాలి. మాది అక్కడ 800×480. డీవీడీ కన్నా పెద్ద తేడా లేదు! గోడంత బొమ్మ సంగతి కూడా వినండి, 40 అంగుళాల బొమ్మని 80 అంగుళాలు చేస్తే వైశాల్యం నాలుగింతలవుతుంది, ఉన్న వెలుతురే అంత మేరా పరుచుకోవాలి, కాబట్టి బొమ్మ వెలుగు నాలుగో వంతుకి పడిపోతుంది.

దుప్పటి కట్టి చూశాం ముందు. ఫ్యాన్ తిరిగితే హీరో మొహం అలల్లా ఊగేది, ఫ్యాన్ ఆపితే ఉక్క. ఇంక ప్రొజెక్టర్‌లోపలి ఫ్యాన్ చప్పుడు వేరే, అది సరిగ్గా మా నాన్నగారి చెవి పక్కనే ఉండేది. దాని స్పీకర్ గురించి చెప్పుకోవడం అనవసరం.

అన్నీ చెప్పాక ఒక మాట. మంచి ప్రొజెక్టర్ బాగుంటుంది, మా స్నేహితుడింట్లో చూశాను, కుళ్లుకున్నాను. కానీ అది చవక కాదు, దానికి చీకటి గది కావాలి, విడిగా స్పీకర్లు కావాలి. చవకా నాణ్యతా రెండూ ఒకే డబ్బాలో నాకైతే దొరకలేదు. మాది ఇప్పుడు అటక మీద ఉంది, పిల్లల పుట్టినరోజుకి దింపి కార్టూన్లు వేస్తాం, వెలుగు రంగుల కార్టూన్లకి మాత్రం బ్రహ్మాండంగా పనికొస్తుంది.

నెలాఖరు:

@తెల్లగోడ గారూ, మీ పోస్ట్ పైకి చదివి వినిపించాను. మా వారు దుప్పటి దగ్గర నవ్వారు, 800×480 దగ్గర మాత్రం మాట్లాడలేదు. చూసి పెట్టుకున్నది అలాంటిదే అనుకుంటా.

@మూడోవరుస గారూ, రెండు ఆపేశాను. ఒకదాన్ని ఆపడానికి "నిజంగా వెళ్లిపోతున్నారా" అని నాలుగు పేజీలు తిప్పింది.

ఇప్పుడు నా అనుమానం, ఈ పాత టీవీకే స్ట్రీమింగ్ స్టిక్ (హెచ్‌డీఎంఐ పోర్టుకి పెడితే టీవీలో యాప్‌లు వచ్చేది) పెట్టుకుంటే సరిపోతుందా? ఆ వదులు పోర్టుతో ఏం చేయాలి? లాప్‌టాప్‌లోనే అప్పుడప్పుడు ఆగి ఆగి వస్తుంది, టీవీలో ఇంకా ఆగుతుందేమోనని భయం.

వైరుమనిషి:

సరిపోతుంది. మీ ఖర్చు అక్కడే ఆగాలి కూడా.

స్టిక్‌ని వదులు పోర్టుకి పెట్టకండి, దాని బరువుకే ఆ పోర్టు పూర్తిగా పోతుంది. మంచి పోర్టులో స్టిక్ పెట్టండి. సెట్‌టాప్ బాక్స్ వెనక ఎరుపు, తెలుపు, పసుపు పిన్నుల జాక్ ఉందేమో చూడండి, ఉంటే దాన్ని టీవీ ఏవీ పోర్టుకి మార్చేయండి, వార్తలకీ సీరియళ్లకీ ఆ బొమ్మ చాలు. స్టిక్‌తో పాటు బుల్లి హెచ్‌డీఎంఐ ఎక్స్‌టెన్షన్ వైరు వస్తుంటుంది, చాలామంది డబ్బాలోనే వదిలేస్తారు. అది పెడితే పోర్టు మీద బరువు పడదు, స్టిక్ కూడా టీవీ వెనక ఇరుక్కుపోకుండా కాస్త బయటికి ఉంటుంది కాబట్టి వైఫై బాగా అందుతుంది.

కరెంటు మాత్రం టీవీ యూఎస్‌బీ నుంచి ఇవ్వొద్దు. మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది అర ఆంపియర్, స్టిక్‌కి అంతకన్నా ఎక్కువే కావాలి. చాలక సినిమా మధ్యలో దానంతట అదే ఆగి మళ్లీ లోగో దగ్గర్నుంచి మొదలవుతుంది, మనం నెట్‌ని తిడుతూ కూర్చుంటాం. దానితో వచ్చిన అడాప్టర్‌నే గోడ ప్లగ్‌కి పెట్టండి.

ఆగి ఆగి రావడం గురించి. నెట్‌ఫ్లిక్స్ వాళ్లే చెప్పే లెక్క ప్రకారం ఫుల్ హెచ్‌డీకి 5 ఎంబీపీఎస్ చాలు, 4కేకి 15. ఎక్కువ ఇళ్లలో కనెక్షన్‌కి ఆ వేగం ఉంటుంది, అది రూటర్ నుంచి టీవీ దాకా చేరదు, అదీ బాధ. స్పీడ్ టెస్ట్ రూటర్ పక్కన నిలబడి కాదు, టీవీ ముందు నిలబడి చేయండి. గదిలోనే రూటర్ ఉంటే 5 గిగాహెర్ట్జ్ వైఫైకి కలపండి, మధ్యలో రెండు గోడలుంటే 2.4 నే మెరుగు, వేగం తక్కువైనా గోడలు దాటుతుంది. రూటర్‌ని బీరువా వెనక నుంచి తీసి ఎత్తులో పెట్టడం అన్నింటికన్నా చవకైన రిపేరు.

నెట్‌కి నెలవారీ పరిమితి ఉంటే ఇంకో లెక్క: హెచ్‌డీలో గంటకి సుమారు 3 జీబీ దాకా, 4కేలో 7 జీబీ దాకా పోతుంది. రెండున్నర గంటల సినిమాలు నెలకి నాలుగు చూస్తే హెచ్‌డీలో 30 జీబీ, 4కేలో 70. పిల్లలు ఫోన్లలో చూసేది దీనికి అదనం.

కొనేముందు ఒక్కటి చూసుకోండి. ఊరూ పేరూ లేని ఆండ్రాయిడ్ బాక్సులు ఇంకా చవగ్గా వస్తాయి, వాటి జోలికి వెళ్లొద్దు. పెద్ద యాప్‌లు వైడ్‌వైన్ అనే తాళం వాడతాయి, దాంట్లో ఎల్1 అనుమతి లేని పరికరాలకి హెచ్‌డీ ఇవ్వవు, మసక బొమ్మే ఇస్తాయి. మీరు హెచ్‌డీకి డబ్బు కట్టి 480 వరసల బొమ్మ చూస్తుంటారు, ఎక్కడ తేడా కొట్టిందో కూడా తెలియదు.

పాప్‌కార్న్‌రాజా:

ఫ్రీగా డౌన్‌లోడ్ లింకులు బోలెడుంటే ఇంత చర్చ దేనికండీ 😀

వైరుమనిషి:

బ్రదర్, వాళ్లింట్లో ఏడేళ్ల పాప ఉంది. ఆ సైట్లలో ప్లే నొక్కితే ముందు ఏ పేజీ తెరుచుకుంటుందో నీకూ తెలుసు నాకూ తెలుసు. పైగా థియేటర్లో ఎవరో దగ్గింది కూడా వినిపించే ప్రింటు వాళ్ల అత్తయ్యగారికి వేసి చూపించమంటావా. చట్టం సంగతి సరేసరి.

డిస్కులపెట్టె:

అందరూ స్ట్రీమింగ్ అంటున్నారు కాబట్టి నేను ఎదురు వాదన చేస్తాను. మా ఇంట్లో పాత డిస్క్ ప్లేయర్ ఇంకా పనిచేస్తోంది, చిన్నపిల్లలున్న ఇంటికి అంతకన్నా చవక ఇంకోటి లేదు. పెద్దవాళ్లం ఒక సినిమా ఒక్కసారి చూస్తాం, పిల్లలు చూసిందే చూస్తారు. మా వాడు ఒకే డిస్కుని ఎన్నిసార్లు చూశాడంటే కవరు అంచులు చిరిగి టేపు వేశాం. అదే యాప్‌లో అయితే ఒక నెల ఉంటుంది, ఇంకో నెల హక్కులు అయిపోయాయని మాయమవుతుంది, వాడికేం చెబుతాం? యాప్‌లో "కొన్నాం" అనుకునేది కూడా నిజానికి చూసుకునే లైసెన్సే. సెకండ్ హ్యాండ్ డిస్కులు కారుచవకగా పోతున్నాయి, ఎవరికీ అక్కర్లేదు కాబట్టి. నెట్‌ఫ్లిక్స్ మొదలైందే పోస్టులో డీవీడీలు అద్దెకి పంపుతూ, ఆ పని 2023 సెప్టెంబరులో పూర్తిగా మానేసింది.

లోపాలు కూడా చెప్పాలి కదా. డీవీడీ బొమ్మ 720×480 లేదా 720×576, పెద్ద టీవీలో తెలిసిపోతుంది, మీ 32లో పర్వాలేదు. బయటి దేశం డిస్క్ కొంటే రీజియన్ కోడ్ (ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే అంకె) కుదరక ఆడకపోవచ్చు, వెనకున్న చిన్న భూగోళం బొమ్మలో అంకె చూసి కొనండి. బ్లూరే ప్లేయర్ డీవీడీలు ఆడిస్తుంది, డీవీడీ ప్లేయర్ బ్లూరేలు ఆడించదు. గీతలు పడ్డ డిస్కుని మధ్య నుంచి అంచుకి తుడవాలి, గుండ్రంగా తిప్పి తుడిస్తే కొత్త గీతలు ట్రాక్ వెంబడే పడి ప్లేయర్‌కి చదవడం ఇంకా కష్టమవుతుంది.

మీకు దగ్గర్లో గ్రంథాలయం ఉంటే డిస్కులు ఇస్తారేమో ఒకసారి అడగండి, చాలా దేశాల్లో ఇస్తారు, కొన్నిచోట్ల లైబ్రరీ కార్డుతోనే సినిమాలు చూసే యాప్‌లూ ఉన్నాయి. కాపీరైట్ తీరిపోయిన పాత మూకీలు, నలుపు తెలుపు హాస్య చిత్రాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉంటాయి, న్యాయంగానే ఉచితం. పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీకి పెట్టుకోవచ్చు. పాత టీవీలు చాలావరకు ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌నే గుర్తుపడతాయి, దాంట్లో ఒక్కో ఫైలు 4 జీబీ దాటితే ఎక్కదు, అది గుర్తుంచుకోండి. మూకీ సినిమా మా పిల్లలు చూడరనుకున్నాను. మాటలు లేవు కాబట్టి అందరికీ ఒకేసారి అర్థమైంది, మా ఇంట్లో ముసలీ ముతకా పిల్లా జెల్లా ఒకే చోట నవ్వింది ఆ రోజే.

చెవిలోమిషన్:

నేను మీ అత్తయ్యగారి వైపు నుంచి రాస్తున్నాను. నాకూ వినికిడి తక్కువే, మిషన్ వాడతాను. "ఏమన్నాడు" అని అడగడానికి మాకు కూడా నామోషీగానే ఉంటుంది అమ్మా, నాలుగోసారి నుంచి అడగడం మానేసి ఊరికే తల ఊపుతాం. కాబట్టి బొమ్మ సైజు కన్నా ముందు సౌండ్ చూడండి.

పల్చటి టీవీల స్పీకర్లు కిందికో వెనక్కో తిరిగి ఉంటాయి, మాట గోడకి కొట్టుకుని వస్తుంది. పాట వస్తే ఇల్లు ఎగిరిపోతుంది, మాటలు మాత్రం గొణిగినట్టుంటాయి, దాంతో ఇంట్లో ఒకరు రిమోట్ పట్టుకుని పెంచడం తగ్గించడమే పని. యాప్‌లో ఆడియో దగ్గర 5.1 (ఆరు స్పీకర్లకి విడగొట్టిన సౌండ్) అని ఉంటే స్టీరియోకి మార్చండి. 5.1లో మాటలన్నీ ఎక్కువగా మధ్య స్పీకర్‌కి పంపుతారు, మనకి ఆ మధ్య స్పీకరే లేదు, రెండింట్లోకి కలిపేటప్పుడు మాట కిందికి పోతుంది. టీవీ సెట్టింగుల్లో నైట్ మోడ్ అనో వాల్యూమ్ లెవెలింగ్ అనో ఉంటుంది, అది పెడితే పెద్ద చప్పుళ్లు తగ్గి చిన్న మాటలు పైకొస్తాయి. మా ఇంట్లో ఈ రెంటితోనే సగం బాధ తీరింది, పైసా ఖర్చు కాలేదు.

తర్వాత, అటక మీద పాత కంప్యూటర్ స్పీకర్లు ఉంటే దింపండి. టీవీ హెడ్‌ఫోన్ రంధ్రంలో పెట్టి, ఆమె కూర్చునే కుర్చీకి దగ్గరగా, ఆమె వైపు తిప్పి పెట్టండి. బ్లూటూత్ స్పీకర్ వద్దు, పెదాలు ముందు కదిలి మాట తర్వాత వస్తుంది, నాకు అది ఇంకా కష్టం. సబ్‌టైటిల్స్ మీ భాషలో ఉంటే వేసెయ్యండి, అక్షరాల సైజు పెద్దది చేసి వెనక నల్ల పట్టీ పెట్టే ఆప్షన్ చాలా యాప్‌లలో ఉంది. పిల్లలు మొదట గొడవ చేస్తారు, నాలుగు సినిమాలయ్యాక వాళ్లే వేస్తారు.

నెలాఖరు:

రెండు వారాలైంది, ఏం జరిగిందో చెబుదామని వచ్చాను.

కొన్నది స్టిక్ ఒక్కటే. సెట్‌టాప్ బాక్స్‌ని పసుపు తెలుపు ఎరుపు పిన్నులకి మార్చాం, అట్టముక్కకి రిటైర్మెంట్ ఇచ్చాం. స్పీడ్ టెస్ట్ టీవీ ముందు చేస్తే 3 చూపించింది, రూటర్ దగ్గర 40. రూటర్ చెప్పుల స్టాండు వెనక ఉండేది, తీసి అల్మరా పైన పెడితే టీవీ దగ్గర 22 వచ్చింది, అప్పట్నుంచి ఒక్కసారి కూడా ఆగలేదు. యాప్ ఒక్కటే ఉంచాం, ఫ్రిజ్ మీద కాగితం పెట్టాం. బాబు వరసగా పదకొండు పేర్లు రాసేశాడు, పాపకి స్పెల్లింగ్ రాక బొమ్మలు వేసింది.

@చెవిలోమిషన్ గారూ, మీరు రాసిన "ఊరికే తల ఊపుతాం" చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. పాత స్పీకర్లు దింపి ఆవిడ కుర్చీ పక్కన స్టూలు మీద పెట్టాను, లాప్‌టాప్ పెట్టే స్టూలే, ఇప్పుడు ఖాళీ కదా. మొన్న శనివారం సినిమా మొత్తంలో ఒక్కసారే అడిగారు, అది కూడా "వీడు ఆ మొదట్లో వచ్చినవాడేనా" అని. దానికి మా ఎవరి దగ్గరా సమాధానం లేదు, మేమూ పోల్చుకోలేదు.

మూకీ సినిమా వచ్చే వారం. ఇక ప్రొజెక్టర్ సంగతి, మా వారు పూర్తిగా వదల్లేదు. @తెల్లగోడ గారూ, మీరు అటక మీద పెట్టినదాన్ని అమ్ముతారేమో కనుక్కోమంటున్నారు.